మేడ మీద ఒక రాత్రి, గండికోటలో ఒక రాత్రి: పిల్లలతో తొలి క్యాంపింగ్

టెంటు కొన్న వారమే ప్రయాణం పెట్టుకోకండి. ముందు ఇంటి మేడ మీద ఒక రాత్రి పడుకోండి. ఇద్దరు పెద్దవాళ్లం, ఎనిమిదేళ్లు, నాలుగేళ్ల పిల్లలిద్దరు. హైదరాబాద్ నుంచి డిసెంబరులో గండికోటకు వెళ్లడానికి మేము చేసుకున్న ఏర్పాట్లలో సగం ఆ మేడ మీది రాత్రే తేల్చింది. ఏది కొనక తప్పదు, ఏది ఇంట్లోనే ఉంది, ఏది బరువు తప్ప ఉపయోగం లేనిది అన్నది అక్కడే తెలిసిపోతుంది. మేడ మీద ఏదైనా మర్చిపోతే మెట్లు దిగితే చాలు. గండికోటలో మర్చిపోతే జమ్మలమడుగు దాకా సుమారు 15 కిలోమీటర్లు పోవాలి.

గండికోట కడప జిల్లాలో ఉంది. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పారిన లోయ అంచున కోట. వెళ్లాల్సింది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మొదటి సగం. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వానలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు ఉంటాయి. మార్చి దాటితే రాయి కాగి, రాత్రి చాలాసేపటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. అక్కడ నేల రాయి, నీడ తక్కువ, గాలి ఎక్కువ. ఏం తీసుకెళ్లాలో ఈ మూడే చెబుతాయి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవికి రాసుకున్న జాబితా ఇక్కడ పనికిరాదు, ఇక్కడి జాబితా విశాఖ మన్యంలోని లంబసింగి చలికి చాలదు.

టెంటు మీద ‘నలుగురికి’ అని రాసి ఉంటే, నలుగురు భుజం భుజం ఆనించి పడుకుంటే సరిపోతుందని అర్థం. ఒక్కో మనిషికి 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్కేస్తారు. సంచులకు, పాల సీసాకు, రాత్రి అటూ ఇటూ దొర్లే పిల్లలకు అందులో చోటుండదు. పిల్లలు చిన్నవాళ్లయితే నలుగురి టెంటులో సర్దుకోవచ్చు. పదేళ్లు దాటితే ఆరుగురిది తీసుకోండి. అంతకంటే ముఖ్యం, రెండు పొరల టెంటే కావాలి: లోపల దోమతెర లాంటి గుడ్డ, పైన విడిగా వాన గుడ్డ. ఒకే పొర ఉన్నది చవకగా వస్తుంది కానీ నలుగురి ఊపిరిలోని తేమ రాత్రంతా ఆ గుడ్డకే పట్టి తెల్లారేసరికి బొట్లు బొట్లుగా దుప్పట్ల మీద పడుతుంది. రెండు పొరల టెంటులోనైనా పైనున్న గాలి కిటికీ మూసేస్తే అదే జరుగుతుంది. మేడ మీద చలికి భయపడి అన్నీ మూశాం, తెల్లారి దుప్పట్లు తడి. టెంటు కారిందేమోనన్న అనుమానం తీరాలంటే పగలు పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టి చూడండి. కుట్ల దగ్గర చెమ్మ కనిపిస్తే అది కారడం. గుడ్డ లోపలంతా సమంగా తడిస్తే అది ఊపిరి. వాన గుడ్డకు 2000 మిల్లీమీటర్ల నీటి నిరోధం అని రాసి ఉంటే మన చలికాలానికి చాలు.

మేడ మీద మేకులు దిగవు కాబట్టి నాలుగు మూలలకూ 20 లీటర్ల నీళ్ల క్యాన్లు కట్టాలి. మొదటిసారి 45 నిమిషాలు పడుతుంది, కంగారు పడకండి. విప్పి మళ్లీ వేయండి. మూడోసారి రాత్రి దీపాలార్పి, తలకు కట్టుకునే లైట్ల వెలుగులోనే వేయండి. ఏ కడ్డీ ఏ సందులోకి పోతుందో చేతికి తెలియాలి. కడ్డీలను లాగకుండా తోయాలి. లాగితే ముక్కలు విడిపోయి సందులో ఇరుక్కుంటాయి. ఫైబర్ కడ్డీ విరిగితే దాని మీద తొడగడానికి 15 సెంటీమీటర్ల గొట్టం ముక్క, ఒక చుట్ట గట్టి టేపు సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ఇక నేల సంగతి. టెంటుతో వచ్చే సన్నటి మేకులు మెత్తటి మట్టికి మాత్రమే. గండికోట పైభాగంలో చాలాచోట్ల రాతిపలక, దాని మీద పలచటి మట్టి. రెండో దెబ్బకే ఆ మేకు వంగిపోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో 8 అంగుళాల ఇనుప మేకులు డజను, వాటికి సరిపడే వాషర్లు డజను, ఒక కిలో సుత్తి తీసుకోండి. వాషర్ లేకపోతే తాడు మేకు తల మీదుగా జారి ఊడిపోతుంది. ఈ మేకు కూడా దిగనిచోట రాయే దిక్కు. తాడు చివర బొటనవేలంత లావు పుల్లకు ముడి వేసి నేల మీద అడ్డంగా పెట్టాలి. పుల్లకూ టెంటుకూ మధ్య, తాడు మీదే, పది కిలోల రాయి పెట్టాలి. గాలికి టెంటు లాగినప్పుడు పుల్ల వచ్చి రాయికి ఆనుకుని ఆగుతుంది. అలా కాకుండా రాయికే తాడు చుడితే దాని అంచు రాత్రంతా తాడును కోస్తూనే ఉంటుంది. నాలుగు ఖాళీ బియ్యం సంచులు కూడా పెట్టుకోండి. పెద్ద రాళ్లు దొరక్కపోతే చిన్నవి నింపి వాడుకోవచ్చు. రాయి ఎత్తేముందు కర్రతో దొర్లించి కింద చూడాలి, తేళ్లు అక్కడే ఉంటాయి. ఈ పని పిల్లలకు చెప్పకూడదు. కోట గోడల నుంచి రాలిన రాళ్ల జోలికి అసలు పోకూడదు.

టెంటు కింద వేసే పట్టా (తాడిపత్రి అనండి, బరకం అనండి) టెంటు అడుగు కంటే అన్నివైపులా నాలుగు వేళ్లు లోపలికే ఉండాలి. పెద్దది ఉంది కదా అని బయటికి పరిస్తే వాన గుడ్డ మీంచి జారిన నీళ్లు దాని మీద పడి నేరుగా మన వీపు కిందికి వస్తాయి. మేము తీసుకెళ్లింది పెద్దదే. అంచుల్ని టెంటు కిందికి మడిచి సరిచేశాం.

పడక గురించి దుకాణంలో చెప్పేది ఒకటి, ఒంటికి తెలిసేది ఒకటి. చలి పైనుంచి కంటే నేలలోంచి ఎక్కువ వస్తుంది. గాలి నింపే పరుపు మెత్తగా ఉన్నా దాని లోపలి గాలి నేలకు చల్లబడి, అటూ ఇటూ కదులుతూ ఒంటి వేడిని లాగేస్తుంది. గచ్చు మీద రాత్రి రెండు గంటలకు ఈ సంగతి తెలిసింది. ముందు 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఫోమ్ చాప, దాని మీద జంపఖానా, ఆపైన బొంత. పాత చీరలతో కుట్టిన బొంత ఇంట్లో ఉంటే కడప జిల్లా డిసెంబరు రాత్రికి అంతకు మించింది కొననక్కర్లేదు. అక్కడ రాత్రి సాధారణంగా 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటుంది, గాలికి ఇంకా చల్లగా తోస్తుంది. మనిషికో రగ్గు, పిల్లలకు మంకీ క్యాపు, మేజోళ్లు చాలు. లంబసింగికైతే స్లీపింగ్ బ్యాగు కావాలి. దాని మీద రెండు మూడు అంకెలుంటాయి. సుఖంగా నిద్రపట్టే ఉష్ణోగ్రత అని రాసినదాన్నే నమ్మండి. పెద్ద అక్షరాల్లో వేసే అతి తక్కువ అంకె, ప్రాణం నిలవడానికి సంబంధించింది, నిద్రకు కాదు. పిల్లలకు పడుకునే ముందు బట్టలు మొత్తం మార్చాలి. పగటి చెమట పట్టిన బనియనుతో పడుకుంటే ఎన్ని కప్పినా వణుకుతారు.

నీళ్లు లెక్కగా పట్టుకెళ్లాలి. ఒక మధ్యాహ్నం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా నలుగురికి తాగడానికి 12 లీటర్లు, వంటకు 5, చేతులు, ముఖాలు, గిన్నెలు కడగడానికి 8. ఇవి 25 లీటర్లు. మంట వేసేటట్టయితే ఆర్పడానికి ఇంకో 10. కొళాయి ఉన్న క్యానే తీసుకోండి. వంచి పోసే క్యానుతో పిల్లలు చేతులు కడుక్కుంటే రెండు లీటర్లు ఒక్కసారికే పోతాయి. లీటరు సీసాలు నాలుగు ముందురోజు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, పెరుగు, పాలు ఉన్న డబ్బాలో పెట్టాలి. అవే మంచుగడ్డలు, మర్నాడు అవే తాగే నీళ్లు.

పొయ్యి దగ్గర నా మాట కాస్త కటువుగా ఉంటుంది. డబ్బా గ్యాసుతో నడిచే ఒంటి పొయ్యి మంచిదే. 220 గ్రాముల డబ్బా నిండు మంటకు గంటా పావు నుంచి గంటన్నర వస్తుంది. గాలి ఉంటే అందులో సగం గాలికే పోతుంది కాబట్టి ఒక రాత్రికి రెండు డబ్బాలు. గాలికి అడ్డం పెట్టేటప్పుడు పొయ్యిని నాలుగు వైపులా మూసేయకూడదు. డబ్బా ఉన్న వైపు పూర్తిగా వదిలేయాలి, లేకపోతే వేడి వెనక్కి తిరిగి డబ్బాకు తగిలి అది పేలే ప్రమాదం ఉంది. డబ్బా గది మీదికి వచ్చేంత వెడల్పు పెనం పెట్టినా ఇదే ప్రమాదం. మన కారే మంచి గాలి అడ్డు: దాని పక్కన రెండు మూడు మీటర్ల దూరంలో, గాలి రాని వైపు నేల మీద వండుకోవచ్చు. లంబసింగి లాంటి చోట తెల్లవారుజామున ఈ గ్యాసు సరిగా మండదు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర దాదాపుగా ఆవిరి కావడం మానేస్తుంది, ఐదు డిగ్రీలకే మంట నీరసిస్తుంది. డబ్బాను రాత్రి దుప్పట్లో చుట్టి ఉంచితే కాస్త నయం. నిప్పుతో వేడి చేయడం మాత్రం వద్దు.

టెంటు లోపల పొయ్యి వెలిగించకూడదు. కుంపటి పెట్టకూడదు. నిప్పులు ఆరినట్టు కనిపించినా లోపలికి తేకూడదు. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి ఎక్కువైతే కారులో పడుకోండి, ఇంజను ఆపి, అద్దాలు వేలెడు దించి.

వంట ఇంట్లోనే సగం చేసుకోవాలి. రాత్రికి పులిహోర, పెరుగన్నం, చపాతీలు, కారప్పొడి. చింతపండు పులిహోర తెల్లవారుజామున కలిపితే చలికాలంలో ఆ రాత్రికి చెక్కుచెదరదు. పెరుగన్నం అలా కాదు, అన్నం పాలతో కలిపి తీసుకెళ్లి అక్కడ పెరుగు వేసుకోవాలి. పొద్దున్నకి ఉప్మా పొడి: 300 గ్రాముల బొంబాయి రవ్వను నూనెలో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, బాగా కరకరలాడేదాకా వేగిన కరివేపాకు తాలింపుతో దోరగా వేయించి, రెండు టీస్పూన్ల ఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాక డబ్బాలో వేయాలి. వేడిగా మూత పెడితే చెమ్మ పట్టి ఉండ కడుతుంది. అక్కడ 1.1 లీటర్ల నీళ్లు మరిగించి, ఈ పొడి పోస్తూ కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేస్తే నలుగురికి సరిపోయే ఉప్మా. అక్కడ కత్తిపీట, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఏవీ అక్కర్లేదు. ఒక గిన్నె, ఒక గరిటె కడుక్కుంటే చాలు.

మంట గురించి స్థలం ఇచ్చినవాళ్లను అడగండి. వద్దంటే వాదించకండి. చుట్టూ బోదగడ్డి ఎండి ఉన్నా, గాలి జోరుగా ఉన్నా వాళ్లు ఒప్పుకున్నా మనం వేయకూడదు. వేస్తే టెంటుకు గాలి పోయే వైపున, కనీసం ఐదు మీటర్ల దూరంలో. నిప్పురవ్వ ఒక్కటి చాలు టెంటు గుడ్డకు చిల్లు పడడానికి. వాగులోంచి తెచ్చిన తడి రాళ్లను పొయ్యి చుట్టూ పెట్టకండి, లోపలి నీరు ఆవిరై పగులుతాయి. పిల్లలకు నచ్చేది నిప్పుల్లో కాల్చిన చిలగడదుంప (మా వైపు కందగడ్డ, సీమలో గెనుసుగడ్డ). సంక్రాంతి ముందు రోజుల్లో దారి పొడుగునా దొరుకుతుంది. మంటలో కాదు, బూడిద పట్టిన నిప్పుల్లో పెట్టి, మధ్యమధ్య తిప్పుతూ 40 నిమిషాలు. పడుకునే ముందు నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోయాలి. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగలాలి.

బయల్దేరే ముందు స్థలం మాట్లాడుకోండి. కోటలోని మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం రక్షిత కట్టడాలు. వాటి ఆవరణలో టెంటు, పొయ్యి పెట్టకూడదు. పర్యాటక శాఖ హరిత హోటల్ దగ్గర్లో ఉంది, టెంట్లకు చోటిచ్చే స్థానికులూ ఉన్నారు. ఫోనులో అద్దెకంటే ముందు అడగాల్సినవి: మరుగుదొడ్డి రాత్రంతా తెరిచి ఉంటుందా, అందులో నీళ్లుంటాయా, కారు టెంటు పక్కకు వస్తుందా, లోయ అంచు ఎంత దూరం. పిల్లలతో తొలిసారి వెళ్లేవాళ్లు మరుగుదొడ్డి లేని చోటికి వెళ్లకండి. నాలుగేళ్ల పాపకో బాబుకో రాత్రిపూట మూత ఉన్న చిన్న బకెట్ టెంటు గుమ్మం దగ్గరే ఉండాలి. చీకట్లో బయటికి నడిపించుకుపోవడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

హైదరాబాద్‌లో పొద్దున ఆరింటికి బయల్దేరితే కర్నూలు, బనగానపల్లె మీదుగా, ఆగుతూ ఆగుతూ పోయినా మధ్యాహ్నం మూడింటిలోపు చేరవచ్చు. దారిలో బెలుం గుహలు చూసేద్దామన్న ఆశ మొదటి రోజు పెట్టుకోకండి. డిసెంబరు మధ్యలో అక్కడ సూర్యుడు ఆరుకు ముందే దిగిపోతాడు. నాలుగింటికల్లా టెంటు వేసేసి ఉంటేనే లోయను పగటి వెలుగులో పిల్లలకు చూపించగలం. టెంటు వేసేటప్పుడు సన్నటి వైపు గాలికి ఎదురుగా, గుమ్మం గాలికి పక్కగా ఉండాలి. ముందు గాలి వచ్చే వైపు మేకులు కొట్టాలి, అప్పుడే కడ్డీలు లేపాలి. వరుస మారితే టెంటు పటంలా లేచిపోతుంది. తాళ్లకు తెల్ల గుడ్డ పేలికలు కట్టండి, పిల్లల కాళ్లకు అడ్డంపడేవి ఆ తాళ్లే.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త అంచు. లోయ వందల అడుగుల లోతు, రాళ్ల అంచున పొడవునా కంచె లేదు. టెంటు కనీసం వంద మీటర్ల దూరంలో వేయాలి. పగలు అంచుకు వెళ్తే ఒక పిల్లకు ఒక పెద్ద, చెయ్యి వదలకుండా. ఇద్దరు పెద్దలూ ఒకేసారి ఫొటోలో మునిగిపోకూడదు. సూర్యాస్తమయం అయ్యాక అటువైపు ఎవరూ వెళ్లకూడదు. ఒక్కొక్కరి మెడలో ఈల, తలకు లైటు. తప్పిపోతే కదలకుండా నిలబడి మూడుసార్లు ఈల వేయాలని మేడ మీదే నేర్పించాం. పిల్లలకు ఈల ఇచ్చిన మొదటి గంట చెవులు గింగిర్లెత్తుతాయి, ఓర్చుకోండి. పిడుగుల సూచనకు ‘దామిని’ యాప్ ఫోనులో పెట్టుకోండి. ఉరుము వినిపిస్తే టెంటు వదిలేసి అందరూ కారులోకి. మైదానం లాంటి రాతి మీద టెంటు కడ్డీలు రక్షణ ఇవ్వవు.

తిండి ఏదీ టెంటులో ఉంచకూడదు, బిస్కెట్ ముక్క కూడా. కుక్కలు, కోతులు, చీమలు, ఎలుకలు, ఎలుకల వెనుక పాములు. అన్నీ కారు డిక్కీలోకి. గుమ్మం జిప్పు ఒక్క నిమిషానికైనా తెరిచి ఉంచకూడదు. చెప్పులు టెంటు రెండు పొరల మధ్య సంచిలో కట్టి, పొద్దున దులిపి తొడుక్కోవాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏవీ చేయకండి. ఉంగరాలు, కడియాలు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి, 108కి ఫోన్ చేస్తూనే జమ్మలమడుగు ఆసుపత్రి వైపు కదలండి. తేలు కుడితే పెద్దవాళ్లకు నొప్పి తప్ప ఇంకేమీ కాకపోవచ్చు. పిల్లలకు ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లు చేతులు చల్లబడటం కనిపిస్తే అది గుండె మీద పనిచేస్తోందని అర్థం, తెల్లారేదాకా ఆగకూడదు. అందుకే కారు ముఖం రోడ్డు వైపు పెట్టి ఆపాలి, తాళం చెవి టెంటులో ఒకే చోట వేలాడాలి. మందుల డబ్బాలో ఓఆర్ఎస్ నాలుగు, థర్మామీటరు, పిల్లల బరువుకు డాక్టరు చెప్పిన జ్వరం మందు మోతాదు సీసా మీదే రాసి, క్రేప్ బ్యాండేజీ, ముళ్లు తీసే చిమటా, దోమల పూత. తుమ్మముళ్లకు చిమటా మాకు మూడుసార్లు పనికొచ్చింది.

వెలుగుకు పెద్ద లాంతరు కొననవసరం లేదు. తల లైటును నీళ్ల క్యానుకు, వెలుగు లోపలికి పడేలా చుడితే క్యాను మొత్తం వెలుగుతుంది. టెంటుకు దూరంగా పెడితే పురుగులు అటు పోతాయి.

పొద్దున ఎనిమిదింటికే టెంటు విప్పకండి. మంచు, ఊపిరి తడి ఆరేదాకా, తొమ్మిదిన్నర వరకు, వాన గుడ్డను తిరగేసి ఎండకు వేయండి. మేకులు లెక్కపెట్టి మూట కట్టండి. ఒక్క మేకు నేలలో మిగిలినా ఆ తర్వాత వచ్చే పిల్లల కాలికి దిగుతుంది. చెత్తకు రెండు సంచులు, తడిది ఒకటి, పొడిది ఒకటి. డైపర్లు, తడి తుడుపు కాగితాలు పాతిపెడితే మట్టిలో కలవవు, వాటిని కూడా జమ్మలమడుగు దాకా తెచ్చి చెత్తకుండీలో వేయాలి. ఇల్లు చేరిన సాయంత్రం ఎంత అలసటగా ఉన్నా టెంటును మళ్లీ మేడ మీద పరచండి. చెమ్మతో సంచిలో నాలుగు రోజులుంటే బూజు పట్టి, పై పూత జిగటగా ఊడిపోతుంది. ఎండాక, పాత మడతల మీదే మడవకుండా చుట్టి పెట్టండి. ఒకే మడత మీద పూత పగిలి, వచ్చే డిసెంబరుకు కారేది అక్కడే.